పత్తికట్టె వామిలో పురుగు కాపురము

అమరావతి, తాడికొండ, పెదకూరపాడు ప్రాంతపు నల్లరేగళ్లలో పత్తి తీత ముగియగానే కట్టె పీకి, ఇంటి దొడ్డిలోనో చేనిగట్టుననో వామి వేయుట పరిపాటి. ఖర్చు లేని వంటచెరకు కదా అని సంతోషింతుము. కాని ఆ వామిలో ఎవరు కాపురమున్నారో చూచితిరా?

కట్టెకు మిగిలిన విచ్చని కాయలలో గులాబిరంగు కాయతొలుచు పురుగు నిద్రావస్థలో నుండును. వేసవి అట్లే గడిపి, తొలకరి వానలకు రెక్కల పురుగై వెలువడి కొత్త పైరుపై గుడ్లు పెట్టును. బీటీ పత్తి ఉన్నదిలే అని ఊరకుండరాదు. 2006లో వచ్చిన రెండవ తరపు బీటీ రకములను గూడ ఈ పురుగు నేడు తట్టుకొనుచున్నది. కాయలోపల దాగియుండుటచే మందు చల్లినను అందదు.

వామి అడుగున ఎలుకలు చేరును. ఎలుకల వెంట పాములు వచ్చును. ఊళ్లు పెరిగి ఇండ్లు పొలముల అంచుదాక వచ్చిన ఈ రోజులలో, చీకటివేళ కట్టెకై చేయిపెట్టు ఇల్లాలికి ఇది ప్రాణాపాయము.

అట్లని కట్టెను మానవలసిన పని లేదు. ఈ క్రింది విధముగా చేయవలెను:

1. డిసెంబరు నెలాఖరుకు పంట ముగించి చేనిలో గొర్రెలను, మేకలను మేపవలెను. మందు చల్లియున్నచో గడువు దాటిన పిదపనే తోలవలెను.

2. కట్టెకున్న కాయలను ఏరి తగులబెట్టిన తరువాతనే ఇంటికి తేవలెను.

3. వామిని ఇంటికి ఎడముగా వేసి తొలకరికి ముందే వాడి ముగించవలెను. మిగిలినదానిని యంత్రముతో తునకలు చేసి దుక్కిలో కలుపవలెను.

కట్టె చాలనివారు పిడకలు చేయుదురు. పిడక కాలినచో పేడలోని నత్రజని పొగలో పోవును. మిరపచేనికి దక్కునది బూడిద. నాలుగైదు పశువులున్న ఇంట గోబర్ గ్యాస్ మేలు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావలెను. ఐదారుగురికి వంట జరుగును. 1984లో రూపొందిన దీనబంధు రకమును ఇటుకలతోనే నేలలో కట్టవచ్చును. ఇనుప డ్రమ్ముతో పని లేదు. బయటకు వచ్చు మడ్డి మిరపకు మంచి ఎరువు. ఇంట పొయ్యి వెలుగును, చేనికి సత్తువ దక్కును.

రెక్కల పురుగుకు పొలిమేర లేదు. ఒకరు వామి తీసివేసి పొరుగువారు ఉంచినచో ఫలమేమి? కావున గ్రామాధికారులు, పంచాయతీ పెద్దలు తొలకరికి ముందుగా ఒక తేదీని నిర్ణయించి ఊరంతటికి చాటించవలెను. సందేహములున్నవారు గుంటూరు నుండి అమరావతి పోవు దారిలోని లాం పరిశోధనా స్థానమునకు పోయి అడిగి తెలిసికొనవచ్చును.