వ్యాజ్యం వేయగలిగేది ఎవరు? – ఫర్వానియాలో వైద్యం, వైకల్యం, న్యాయస్థానం

కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేటులో విదేశీ కార్మికులు కిక్కిరిసి నివసించే జిలీబ్, ఖైతాన్ వంటి పేటలున్నాయి. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి, గోదావరి జిల్లాలనుంచి వలసవెళ్ళిన తెలుగువారికి ఇవి తెలిసిన పేర్లే. పరంజా మీదినుంచి పడి వెన్నుపూస విరిగిన కార్మికుణ్ణి సాధారణంగా చేర్చేది ప్రభుత్వ ఆసుపత్రిలోనే. అయితే ఇటువంటి గాయంలో మొదటి వారం ఎంత ముఖ్యమో మూడో నెల కూడా అంతే ముఖ్యం. మంచంపుండ్లు పడకుండా చూసుకోవడం, మూత్రాశయానికి ఇన్‌ఫెక్షన్ రానివ్వకపోవడం, ఫిజియోథెరపీ, చక్రాల కుర్చీ – రోగి బతుకు ఎలా సాగుతుందో నిర్ణయించేవి ఇవి. హక్కుల ప్రశ్న అసలు మొదలయ్యేది ఇక్కడే.

విదేశీయుల ఆరోగ్యబీమాను, వైద్యరుసుములను నిర్దేశించేది కువైట్ 1999 నాటి 1వ నంబరు చట్టం. 2017 అక్టోబరులో ఆసుపత్రి అవుట్‌పేషెంట్ రుసుము 2 దీనార్లనుంచి 10కి పెరిగింది. 2022 డిసెంబరులో ప్రత్యేక వైద్య విభాగాలలో మందులకు మరో 10 దీనార్లు తోడయ్యాయి. ప్రైవేటు రంగంలో కనీస వేతనం నెలకు 75 దీనార్లు. అంటే మందులతో కలిపి ఒక్కసారి చూపించుకుంటే ఆ వేతనంలో పావువంతుకు పైగా పోతుంది. పదేపదే రావలసిన రోగికి ఈ లెక్క ఎటు దారితీస్తుందో వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు: రావడం మానేస్తాడు.

2017 పెంపును ఒక కువైటీ న్యాయవాది కోర్టులో సవాలు చేశాడు గాని, పెంపు ఆగలేదు. విదేశీయుల తరఫున పౌరుడొకరు ముందుకు రావడం మెచ్చదగిన విషయమే. కాని దారే ఇరుకైనది. 1962 రాజ్యాంగంలోని 29వ అధికరణం మనుషులందరూ సమానులంటుంది; వివక్ష చూపరాదని అది పేర్కొన్న ప్రాతిపదికలలో పౌరసత్వమూ లేదు, వైకల్యమూ లేదు. 2014లో వచ్చిన 109వ నంబరు చట్టం వ్యక్తులు నేరుగా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళే వీలు కల్పించింది. అయితే వాదికి స్వయంగా, ప్రత్యక్షంగా ప్రయోజనం ఉండాలి. ముగ్గురు న్యాయవాదులు సంతకం చేయాలి. 5,000 దీనార్లు పూచీగా కట్టాలి. కనీస వేతనం తీసుకునేవాడికి అది ఐదేళ్ళ పైబడిన సంపాదన.

వికలాంగుల హక్కులకు 2010 నాటి 8వ నంబరు చట్టం ఉంది. మంచి చట్టమే. కాని అది వర్తించేది కువైటీలకు, కొంతమేరకు కువైటీ స్త్రీలకు విదేశీ భర్తలవల్ల కలిగిన పిల్లలకు. పనిలో గాయపడిన విదేశీయుడికి మిగిలేది అదే ఏడాది వచ్చిన కార్మిక చట్టం: చికిత్సాకాలంలో ఆరు నెలలు పూర్తి జీతం, ఆపైన సగం. కార్మికుల దావాలకు కోర్టు రుసుము కూడా లేదు. కాని గోదావరి జిల్లాల స్త్రీలు ఎక్కువగా చేసే ఇంటిపనికి ఈ చట్టం వర్తించదు. పైగా నివాసానుమతి ఉద్యోగానికి ముడిపడి ఉండటంవల్ల ఎవరి దావా వారే వేసుకొని, తేలేదాకా దేశంలో నిలవడం కష్టం. ఒకరిద్దరు వాదులు వేలమంది పక్షాన నిలబడే అమెరికా తరహా సామూహిక దావా అక్కడ లేదు.

భారతదేశపు ప్రజాప్రయోజన వ్యాజ్యం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ వాది స్వయంగా నష్టపోయి ఉండనక్కరలేదు. 1992లో రైలునుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి చేర్చుకోలేదు. అతనితోపాటు పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి అనే సంఘం కూడా సుప్రీంకోర్టుకెక్కింది. సకాలంలో చికిత్స నిరాకరించడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని 1996లో తీర్పు వచ్చింది. దృష్టిలోపం ఉన్న రాజీవ్ రాతూరీ 2005లో వేసిన వ్యాజ్యంలో 2017లో ఒక తీర్పు, 2024 నవంబరులో మరొకటి వచ్చాయి. రెండవదానికి ఆధారం హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసిన నివేదిక. ప్రవేశ సౌకర్యాలు సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని కోర్టు చెప్పింది. దీనికి పట్టిన కాలం 19 ఏళ్ళు. వ్యాజ్యాన్ని మంత్రదండంగా భావించేవారు ఈ సంఖ్యను కూడా చూడాలి.

21వ అధికరణం పౌరుడు అనదు, వ్యక్తి అంటుంది. ఫర్వానియానుంచి స్ట్రెచరు మీద రాజంపేట చేరిన కార్మికుడికి ఈ తేడా పనికివస్తుంది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి; ప్రమాదంలో శాశ్వత వైకల్యం కలిగితే పది లక్షల రూపాయల వరకు వస్తుంది. అది అందకపోతే అతను, లేదా అతని తరఫున మరొకరు, హైకోర్టుకు వెళ్ళవచ్చు. అయితే అక్కడ ప్రతివాదిగా నిలబెట్టగలిగేది భారత ప్రభుత్వాన్నే గాని కువైట్‌ను కాదు.