ట్యాంకులోకి పెట్రోలు ఎందుకు దిగదు?

సికింద్రాబాద్ కంటోన్మెంటు రోడ్ల మీద మారుతి జిప్సీ పాత చుట్టమే. 1985 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన ఈ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మన సైన్యం దశాబ్దాల పాటు వాడింది. సర్వీసు ముగిసిన బండ్లు వేలంలో మామూలు జనం చేతికి వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ ఆదివారాలు అనంతగిరి కొండల మట్టిదారులు ఎక్కుతూనే ఉన్నాయి. ఇలాంటి పాత బండ్లలో తరచూ కనిపించే ఇబ్బంది ఒకటుంది. బంకులో నాజిల్ పెట్టి మీట నొక్కగానే టక్కుమని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆగుతుంది. జిప్సీ ట్యాంకు పట్టేది 40 లీటర్లే. ఒకటి రెండు నిమిషాల్లో నిండాల్సిన ఆ ట్యాంకు కోసం వెనక బండ్లన్నీ వరుస కడతాయి.

చాలామంది తప్పు బంకు మీదకు నెట్టేస్తారు, లేదా పెట్రోలు దిగే లావు గొట్టంలో అడ్డు వెతుకుతారు. అసలు చూడాల్సింది గాలి దారిని. ఖాళీ ట్యాంకు నిజానికి ఖాళీగా ఉండదు, గాలితోనూ పెట్రోలు ఆవిరితోనూ నిండి ఉంటుంది. నిమిషానికి 30 లీటర్ల పెట్రోలు లోపలికి పోవాలంటే అదే నిమిషంలో 30 లీటర్ల గాలి బయటికి రావాలి. సన్నమూతి కూజాను నీళ్లలో ముంచినప్పుడు బుడబుడమంటూ ఆగి ఆగి నిండేది ఇందుకే. లోపలి గాలి, బయటి నీరు ఒకే మూతి కోసం పోటీ పడతాయి. ఆ పోటీ లేకుండా చేయడానికే ట్యాంకు పైభాగం నుంచి మూత దాకా లావు గొట్టం పక్కనే సన్నటి బ్రీదర్ పైపు ఒకటి వేస్తారు. అది మూసుకుపోతే గాలి లావు గొట్టంలోంచే ఎదురు రావాలి. అప్పుడు పెట్రోలు లావు గొట్టం మెడ దగ్గరే నిలబడిపోతుంది.

ఇక నాజిల్ సంగతి. దాని కొనను దగ్గరగా చూస్తే అంచుకు కాస్త లోపలగా చిన్న రంధ్రం కనిపిస్తుంది. దాని నుంచి ఒక సన్నటి నాళం పిడిలోకి పోతుంది. పిడిలో పెట్రోలు ఇరుకైన చోటు దాటుతూ వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి పేరుతో పిలిచే సూత్రం ఇదే. ఆ తక్కువ పీడనం కొన దగ్గరి రంధ్రం గుండా గాలిని పీల్చుకుంటూ ఉంటుంది. పెట్రోలు పైకి వచ్చి ఆ రంధ్రాన్ని కప్పిందంటే గాలి అందదు. పిడిలో శూన్యం పెరిగి ఒక పల్చటి పొరను లాగుతుంది, ఆ పొర మీట కొక్కేన్ని విడిపిస్తుంది. కరెంటు అక్కర్లేని ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ అబ్బురమే. అయితే ట్యాంకు నిండిందో లేదో నాజిల్‌కు తెలియదు. రంధ్రం మునిగిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. మెడలో నిలిచిన పెట్రోలు దాన్ని ముంచినా అది ఆగిపోతుంది.

కాబట్టి పరీక్ష బంకులోనే మొదలుపెట్టాలి. నాజిల్‌ను ఒక అంగుళం వెనక్కి లాగి, కాస్త పక్కకు తిప్పి, మీట సగమే నొక్కించండి. ఇబ్బంది పోతే నాజిల్ నిలిచిన కోణమే కారణం. మరో బంకులో బాగా దిగితే మీ బండిలో లోపం లేనట్టే. ఏ బంకుకు వెళ్లినా ఆగుతూ, మెడలోంచి గడగడ శబ్దం, మూతి నుంచి పెట్రోలు చిమ్మడం కూడా ఉంటే బ్రీదర్ పైపును అనుమానించాలి. చివరి కొద్ది లీటర్ల దగ్గర మాత్రమే ఆగితే కంగారు అక్కర్లేదు. ట్యాంకులో బ్రీదర్ కొన మునిగే మట్టమే నిండు అన్నదానికి గుర్తు. బండి వాలులో నిలిపితే ఆ కొన ముందే మునగవచ్చు.

మట్టిదారుల్లో తిరిగే బండికి ఈ పైపు దగ్గర కష్టాలు ఎక్కువ. బురద ఎండి గట్టిపడుతుంది. చాలాకాలం కదలకుండా ఉన్న బండిలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలు దూరుతాయి. ఎత్తు పెంచడానికి బాడీ కింద దిమ్మలు వేయిస్తే పాత గొట్టం సాగి మెలిక పడుతుంది. పైపు మధ్యలో జారి వంపు తిరిగితే ఆ వంపులో పెట్రోలు నిలిచి గాలికి అడ్డం పడుతుంది. ఈ లోపం చేతికి దొరకడం కష్టం. బయటికి పైపు నిక్షేపంగా కనిపిస్తుంది, గాలి పట్టించినా సాఫీగా పోయినట్టే ఉంటుంది.

వీటికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చి, 2025 నాటికి దాదాపు దేశమంతటా మామూలు పెట్రోలైంది. దీన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బరు లోపలి వైపు ఉబ్బి మెత్తబడవచ్చు. పైకి బాగున్న పైపు లోపల సన్నబడిపోతుంది. వయసు మీరిన గొట్టాన్ని శుభ్రం చేయడం కంటే మార్చడమే మేలు. విడిభాగాలకు పేరుపడ్డ రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యూయల్ గొట్టమే కావాలని గట్టిగా అడగండి. నీళ్ల పైపు ముక్క ఎంత చవకైనా వద్దు. కొత్తది బిగించేటప్పుడు ట్యాంకు నుంచి మూత దాకా ఎక్కడా పల్లం లేకుండా ఎగువకే సాగేలా చూడాలి.

పని ఆరుబయట చేయాలి. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. పైపును రెండు కొసలా విప్పి బయటికి తీశాకే గాలి పట్టించాలి. నోటితో ఊదకూడదు, ట్యాంకులోకి కంప్రెసర్ గాలి కొట్టకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేలబారుగా పాకి దూరంలోని నిప్పురవ్వను కూడా అందుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

మెకానిక్ సోదరులకు ఒక విన్నపం. తుప్పు పట్టిందనో, చిల్లు పడిందనో పెట్రోలు ఒంపేసిన ట్యాంకుకు నేరుగా వెల్డింగు పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువగా పేలుతుంది. దాన్ని మార్చేయండి, లేదా ఆవిరి పూర్తిగా తొలగించే ఏర్పాటు ఉన్న చోటికే పంపండి.