ముగ్గు దగ్గర కలిసిన వయసులు

ధనుర్మాసం అంటే డిసెంబరు సగం నుంచి భోగి దాకా. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో సరిగ్గా అప్పుడే పనులు మీద పడి ఉంటాయి. (2022లో పల్నాడు, బాపట్ల వేరే జిల్లాలయ్యాయి గానీ దూరాన ఉన్న మన నోటికి ఇంకా పాత పేర్లే వస్తాయి.) పత్తి తీతలు అయిపోవు, మిరపచేలల్లో కాయ ఎరుపెక్కి కోతలకు తొందరపెడుతుంటుంది. తెల్లారకముందే క్యారేజీ సర్దుకుని కూలి ఆటో ఎక్కాల్సిన ఆడవాళ్లు కూడా ఆ నెల్లాళ్లూ కళ్లాపి చల్లి వాకిట్లో పెద్ద ముగ్గు వెయ్యడం చూస్తాం. ఆచారం కోసమే అయితే గడప ముందు నాలుగు గీతలు చాలు. మిగతా పదకొండు నెలలూ ఆ నాలుగు గీతలతోనే సరిపెడుతున్నారు కదా. సగం వీధిని ఆక్రమించే మెలికల ముగ్గు వెయ్యమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అవసరానికి మించిన ఆ భాగమంతా సరదా, పంతం, పనితనం. మన మెట్టపల్లెల్లో పదహారేళ్ల పిల్లకీ అరవై దాటిన పెద్దావిడకీ స్నేహం కుదిరింది ఆ మించిన భాగంలోనే అని నా వాదన. విదేశాల్లో మన సంఘాలు ఆ స్నేహం మళ్లీ కావాలనుకుంటే ముందు దాన్ని పెంచిన పనిని తెచ్చుకోవాలి.

ఆ పని ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. ముగ్గు నోటుపుస్తకాల్లో "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు" అని రాసి ఉంటుంది. మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా సందుల్లో పడేలా 14, ఆపైన 13, అలా తగ్గుతూ రెండు వైపులా 8 దగ్గర ఆగాలి. మొత్తం 169 చుక్కలు. మసక వెలుతురులో, మంచులో, తడి నేల మీద ఒక్క వరుస పక్కకి జరిగినా మెలిక తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటుకి రాదు. ఈ లెక్క తల్లో పెట్టుకున్న మనిషికి సాధారణంగా నడుం వంగదు. గంటసేపు గొంతుక్కూర్చోగలిగిన పిల్లకి లెక్క రాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా, తెగకుండా వదలడం వీళ్లిద్దరికీ మధ్య వయసు ఆవిడ చేతికి బాగా పట్టుబడి ఉంటుంది. ఒకరు చెప్పాలి, ఒకరు చుక్క పెట్టాలి, ఒకరు గీత లాగాలి. పెద్ద ముగ్గు ముగ్గురి వయసుల్నీ ఒకేసారి అడుగుతుంది. తమిళుల కోలాల్లోని చుక్కల వరుసల్నీ గీతల అల్లికనీ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1970లలో కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణ పద్ధతుల్లో విశ్లేషించారు. మన చుక్కల ముగ్గులూ ఆ కుటుంబానివే. అంతటి విద్యని బడి మెట్లెక్కని ఆడవాళ్లు ఎన్నో తరాలుగా వీధిలో నేర్పుతూ వచ్చారు. గురువుకి ఫీజు లేదు, శిష్యురాలికి పరీక్ష లేదు.

స్నేహం ఈడూజోడూ వాళ్ల మధ్యే సహజం, పెద్దావిడతో పిల్లకి ఉండేది గౌరవమే కదా అని ఎవరైనా అనవచ్చు. గౌరవం నిజమే, అది కూర్చోబెట్టి దణ్ణం పెట్టడంతో ఆగుతుంది. ఈడు స్నేహాల్లో ఒక చిక్కు ఉంది: పోలిక. ఎవరి పిల్లకి ఏ సీటొచ్చింది, ఎవరు ఇల్లు కొన్నారు, ఎవరి మొగుడికి ప్రమోషన్ వచ్చింది అన్న లెక్కలు సమ వయస్కుల మధ్య ఎక్కువగా నలుగుతాయి. పదిహేడుకీ అరవై అయిదుకీ మధ్య ఆ తూకానికి చోటు లేదు. పైగా ఆ పెద్దావిడ పక్కింటి మనిషి. అత్తగారి మాటలా, అమ్మ మాటలా ఆమె చెప్పింది ఆజ్ఞ కాదు. ఇంట్లో పెత్తనం ఎంతున్నా, ముగ్గు గడప బయట పని గనక అక్కడ మాట తేలిగ్గా సాగుతుంది. కనుమనాడో మర్నాడో వేసే రథం ముగ్గుని చూడండి. దాని తాడు మన వాకిలి దాటి పక్కింటి రథానికి కలవాలి. పొరుగామె వెయ్యకపోతే మనది సగంలో ఆగిపోతుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. ఆ వాకిళ్లు అందరివీ కావు. రథం తాడు కులం గీసిన గీత దాటి అవతలి పేటకి వెళ్లలేదు. అట్లతద్ది వాయనం ముత్తైదువులకే. భర్త పోయిన ఆడమనిషి, ఎన్ని ముగ్గులొచ్చినా, గొబ్బెమ్మల దగ్గర దూరంగా నిలబడింది. ఇదంతా నిజం, ఆ గతాన్ని అందంగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అయితే వెలివేసింది ఆచారం, చుక్కల లెక్క కాదు. కూలి ఆడవాళ్ల కాలనీల్లో సిమెంటు అరుగుల ముందు పడే ముగ్గులు ఏ పెద్దింటి ముగ్గుకీ తీసిపోవు. 'మాలపల్లి' నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ, భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి 1922లో అదే గుంటూరులో ఆడవాళ్ల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచే ఆయన వితంతువుల కోసం పనిచేశారు. ఆ నేల తప్పు చేసింది, ఆ తప్పుని దిద్దే మనుషుల్నీ కన్నది. సంద్రాలు దాటి వచ్చిన మనం సరదాని తెచ్చుకుని వెలిని అక్కడే వదిలేయవచ్చు. వదిలేయాలి.

ఇప్పుడు మన సంఘాల సంగతి. యువతకి ఒక విభాగం, వనితలకి ఒక వేదిక, పెద్దవాళ్లకి వేరే హాలు. ముగ్గుల పోటీలోనూ వయసుల వారీగా బహుమతులు. నరసరావుపేట నుంచో, అద్దంకి నుంచో ఆరు నెలలకి వచ్చిన తల్లుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. ఆ వేడుక సాయంత్రంతో అయిపోతుంది. మర్నాటి నుంచి ఆ తల్లికి మళ్లీ కిటికీ, టీవీ. ఆమెకి తెలిసిన విద్యని అడిగేవాళ్లు లేరు. ఏర్పాట్లు చేసేవాళ్ల మనసు మంచిదే, కానీ వయసుల్ని విడదీసే ఏర్పాటు వయసుల్ని కలపలేదు. ఈ కాలం పిల్లలు ముగ్గులకి వస్తారా అనేవాళ్లకి నా జవాబు ఒక్కటే: రంగులు నింపమంటే రారు. ఏ ముగ్గు వెయ్యాలో, ఎక్కడ మార్చాలో నిర్ణయించమంటే వస్తారు.

చలి ఒక ఆటంకం, ఒప్పుకుంటాను. న్యూజెర్సీలో, షికాగోలో సంక్రాంతికి వాకిట్లో మంచు ఉంటుంది. అక్కడి వాళ్లకి సాధారణంగా అక్టోబరులో వచ్చే అట్లతద్ది ఉంది. తెల్లవారుజామున గోంగూర పచ్చడితో చద్దన్నం తిని ఉయ్యాలలకి పరిగెత్తే పండగకి, ఉయ్యాలలున్న పార్కు పక్కనే కాలిబాట మీద సుద్దముక్కతో ముగ్గు కూడా చేర్చుకోవచ్చు. మెల్‌బోర్న్, సిడ్నీ వాళ్లకైతే ధనుర్మాసం ఎండాకాలమే. ఎక్కడ వేసినా పద్ధతి ఒకటే, పోటీ కాకుండా జట్లుగా వెయ్యడం: ఒక్కో జట్టులో మూడు వయసులు, ఒకే ఇంటివాళ్లు ఇద్దరుండకూడదు. గెలుపోటములు లేవు గనక బహుమతుల డబ్బు ముగ్గుపిండికీ, రంగులకీ, టీలకీ సరిపోతుంది. న్యాయనిర్ణేతల బల్లలు తీసేస్తే ఆ జాగాలో ఇంకో పెద్ద ముగ్గు పడుతుంది.