అమ్మ చూడని గండికోట

మా పుట్టిల్లు ప్రొద్దుటూరు. అక్కణ్ణుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు నలభై కిలోమీటర్ల లోపే. అయినా అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా మా అమ్మ ఆ లోయను చూడలేదంటే నమ్ముతారా? ఎప్పుడడిగినా నాన్న "ఏముందే ఆడ, రాళ్ళు తప్ప!" అనేవారు. నాన్న పోయిన రెండేళ్ళకు, ఒకరోజు టీవీలో గండికోట కనిపిస్తే అమ్మ చెయ్యి కడుక్కోకుండా అలాగే చూస్తూ కూర్చుంది. అంతే, నేనూ చెల్లీ నిర్ణయించేసుకున్నాం.

"మోకాళ్ళ నొప్పులతో రాళ్ళ మీద నడుస్తుందా? ఏమన్నా అయితే?" అన్నాడు తమ్ముడు. వాడి భయమూ నిజమే. అందుకే తొందరపడలేదు. డాక్టరును అడిగాం. నెలరోజులు అమ్మ సాయంత్రం మిద్దె మీద నడిచింది. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట. సీమ ఎండలు తెలిసినవాళ్ళం కాబట్టి డిసెంబరు ఎంచుకున్నాం.

సామాను పెద్దగా లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, చిత్రాన్నం, పెరుగన్నం, అమ్మ బీపీ మాత్రలు, చేతికర్ర, మడిచే స్టూలు, టార్చిలైటు. చెప్పులు వద్దని అమ్మకు బూట్లు కొన్నాం. చీర మీద బూట్లా అని సిగ్గుపడింది గానీ తర్వాత విప్పనంది! ఇంకో మాట, ఆడవాళ్ళం పైకి చెప్పుకోం గానీ ముందే ఆలోచించాల్సింది బాత్రూమ్ సంగతి. దారి పొడవునా నీళ్ళు తాగకుండా బాధపడే బదులు, జమ్మలమడుగులోనే ఆగి వెళ్ళాం.

మధ్యాహ్నం మూడింటికల్లా కోటలో ఉన్నాం. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోగా ఏర్పడిన గండి ఇది. ఆ గండి పక్కన కట్టింది కాబట్టే గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. గుడి మండపంలో అమ్మను అరగంట కూర్చోబెట్టి, ఎండ తగ్గాక లోయ వైపు నడిపించాం.

చివరి కొంత దూరం అన్నీ బండలే. చెల్లి ముందు, నేను వెనక, మధ్యలో అమ్మ. మేం నిలబడినచోట కంచె లేదు. అంచుకు పది అడుగుల ఇవతలే స్టూలు వేశాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఫోటోల సరదాలో వాళ్ళ చెయ్యి వదలకండి.

ఎదురుగా పేర్చినట్టున్న ఎర్రరాళ్ళ గోడలు, ఎక్కడో కింద మెలిక తిరిగిన పెన్న. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నొప్పిగా ఉందేమోనని కంగారుపడ్డాను.

"మీ నాయన గూడా సూడలేదు పాపం. రాళ్ళేగదా అంటాండె" అంది.

ఇన్నాళ్ళూ నాన్న చూసొచ్చే అలా అంటున్నారనుకున్నాను!

చీకటి పడకముందే లేచాం. ఆ రాత్రి అమ్మ మోకాళ్ళకు నూనె రాస్తుంటే, "బెలుం గుహలు ఎంత దూరం?" అని అడిగింది.

మీరూ మీ అమ్మనో అత్తగారినో అడిగి చూడండి. ఊరి పక్కనే ఉండి, వాళ్ళు చూడని చోటు ఒకటి ఉండే ఉంటుంది.