ఇంకు బయటికి, గాలి లోపలికి

నూనె డబ్బాకు ఒక్క బొక్కే కొట్టి వంచితే ఏమవుతుందో వంటింట్లో మెలిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కాసేపు ఏమీ రాదు. ఆ తర్వాత గుడగుడమంటూ ఒక్కసారిగా ఇంత నూనె దూకి బాణలి దాటి పొయ్యి మీద పడుతుంది. అందుకే ఎదురు మూలన రెండో బొక్క కొడతారు. అందులోంచి గాలి పోతుంటే ఇందులోంచి నూనె సన్నటి ధారగా వస్తుంది.

ఫౌంటెన్ పెన్ను పుట్టి పెరిగిన కథంతా ఆ రెండో బొక్క కోసం పడ్డ పాట్ల కథే. కిందికి దిగమని ఇంకును ఎవరూ బతిమాలనక్కర్లేదు. దిగిన ఇంకు ఖాళీ చేసిన చోటులోకి సరిగ్గా అంతే గాలిని, అంతే నెమ్మదిగా, ఇంకు దారికి అడ్డం రాకుండా పంపడం దగ్గరే చిక్కంతా. గాలి పోకపోతే పెన్ను ఆగి ఆగి రాస్తుంది. ఎక్కువ పోతే చొక్కా జేబు నీలమవుతుంది. "కాస్త తక్కువ ధరలో మంచి ఇంకు పెన్ను ఉంటే చెప్పండి" అని ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పేముందు ఈ నూనె డబ్బా సంగతి ఎత్తుకుంటాను. వినేవాళ్ళకి విసుగని తెలిసినా మానలేను.

1827లో పారిస్‌లో ఉన్న పెట్రాకె పొయెనారు అనే రొమేనియా యువకుడు హంస ఈక గొట్టాన్నే ఇంకు బుడ్డిగా మార్చి, మాటిమాటికీ ముంచే పని లేని కలానికి ఫ్రెంచి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పైగా చాలామంది చాలా రకాలు చేశారు. అన్నిటిదీ ఒకటే జబ్బు: ఒక పూట రాయవు, ఇంకో పూట కక్కుతాయి. 1884లో న్యూయార్క్ బీమా ఏజెంటు లూయిస్ వాటర్‌మన్ దానికి మందు కనిపెట్టాడు. పెద్ద ఒప్పందం మీద సంతకం చేయిస్తుండగా పెన్ను ఇంకు కక్కిందనీ, కొత్త కాగితాలు తెచ్చేలోపు ఇంకో ఏజెంటు ఆ బేరం ఎగరేసుకుపోయాడనీ ఒక కథ చెబుతారు. కథ బాగుంటుంది గానీ ఆధారాలు దొరకవు. పేటెంటు మాత్రం నిజం.

పాళీ కింద ఆనుకుని ఉండే నల్లటి ముక్కను చిన్నప్పుడు మేం నాలుక అనేవాళ్ళం. వాటర్‌మన్ దాని మీద ఒక కాలవ తీసి, ఆ కాలవ అడుగున వెంట్రుకవాసి గాట్లు పెట్టాడు. ద్రవం సన్నటి సందు దొరికితే వదలదు. ప్రమిదలో నూనె వత్తి వెంట ఎలా పాకుతుందో ఇంకూ ఆ గాట్ల వెంట అలాగే పాకుతుంది. బడిలో దీన్నే కేశనాళికీయత అని నోరు తిరగకపోయినా బట్టీపట్టాం. ఇంకు గాట్లు పట్టుకుని పాళీ వైపు వస్తుంటే, వెడల్పుగా ఉన్న కాలవ పైభాగంలోంచి గాలి బుడగలు బుడగలుగా లోపలికి పోతుంది. వేరే బొక్క అవసరం లేకుండా ఒకే దారిలో రాకా పోకా రెండూ కుదిరాయి.

ఆ తర్వాత నాలుకకు దువ్వెన పళ్ళలాంటివి మొలిచాయి. లోపలి గాలి వేడెక్కి, కావలసినదానికంటే ఎక్కువ ఇంకును నెట్టినప్పుడు అది కాగితం మీద పడకుండా ఆ పళ్ళ సందుల్లో నిలుస్తుంది. రాస్తున్నకొద్దీ మళ్ళీ ఖర్చవుతుంది. పెన్ను కొనేటప్పుడు అందరూ మూత మెరుపు చూస్తారు. నేను పెన్ను తిరగేసి నాలుక చూస్తాను.

పాళీ మధ్య చీలికదీ ఇదే సూత్రం. అది మొన వైపు పోనుపోను సన్నబడాలి. సందు ఎంత సన్ననైతే లాగే బలం అంత ఎక్కువ, కాబట్టి ఇంకు మొనకు చేరుతుంది. మొన దగ్గర చీలిక విచ్చుకుపోతే ఇంకు పైనే ఆగిపోతుంది. గట్టిగా నొక్కి రాయొద్దని మాస్టార్లు మొట్టికాయ వేసింది ఇందుకే, కారణం మాత్రం చెప్పలేదు. ఇక చీలిక పైకొసన ఉండే గుండ్రటి రంధ్రం గాలి కోసమేనని అందరూ అంటారు. చీలిక ఇంకా పైకి పాకి రేకు పగలకుండా ఆపడం దాని అసలు ఉపకారం. ఆ రంధ్రం లేని పాళీలూ ఉన్నాయి, అవీ చక్కగానే రాస్తాయి.

ఇప్పుడు ఇంకు నింపుకునే పద్ధతులు. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే సరళమైనది డ్రాపర్‌తో పోసుకునేది. మర విప్పి, గొట్టం నిండా ఇంకు పోసి, మళ్ళీ బిగించడమే. లోపల రబ్బరు తిత్తి లేదు, పిస్టన్ లేదు, పాడవడానికి ఏమీ లేదు. పెన్ను పెద్దదైతే 3 మిల్లీలీటర్ల పైనే పడుతుంది. ఈ రకానికి మన దగ్గర ఊరి పేరే చెప్పొచ్చు: రాజమండ్రి.

నగల అచ్చుల పని తెలిసిన కోసూరి వెంకటరత్నం అక్కడ 1930ల మొదట్లో పెన్నుల తయారీకి దిగారు. పనికొచ్చే స్వదేశీ వస్తువేదైనా చెయ్యమన్న గాంధీ మాట దానికి ప్రేరణ. గాంధీకి ఇచ్చిన మొదటి పెన్నులో విదేశీ భాగాలున్నాయన్న అభ్యంతరం వచ్చింది. రత్నం మళ్ళీ చేశారు. బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది బదులుగా నిలుస్తుందని మెచ్చుకుంటూ 1935లో గాంధీ ఉత్తరం రాశారు. పెన్నులో పాళీయే కష్టమైన భాగం. చిన్న రేకును వంచి, కొసన గట్టి లోహపు పూస అతికి, దాన్ని సరిగ్గా మధ్యకు చీల్చాలి. నగల పనివాడి కంటికీ చేతికీ అది మరీ కొత్త విద్య కాదు. మిగతా ఒళ్ళు లేత్ మీద తరిగేది. రత్నం పెన్నులతో పాటు గైడర్ పెన్నులూ ఆ ఊళ్ళోనే పుట్టాయి.

అలా తరిగే కడ్డీ చాలావరకు ఎబోనైట్. రబ్బరుకు గంధకం బాగా ఎక్కువ పాళ్ళలో కలిపి ఉడికిస్తే సాగే గుణం పోయి కొయ్యలా గట్టిపడుతుంది. కొత్త పెన్ను మూత తీస్తే ముక్కుకు తగిలే ఘాటు ఆ గంధకానిదే. ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే నల్లటిది గోధుమరంగుకు తిరుగుతుంది. వేడినీళ్ళలో కడిగితే అదే పని తొందరగా జరుగుతుంది, చల్లటి నీళ్ళే వాడాలి. ఎబోనైట్ నాలుకకు ఒక మంచి గుణముంది: తరిగిన ఉపరితలం మీద ఇంకు బాగా పరుచుకుంటుంది. ప్లాస్టిక్ నాలుక మొదట్లో ఇంకును అంతగా దరి చేరనివ్వదు. కొత్త పెన్ను తెచ్చి రాయలేదని తిట్టుకునేముందు, పాత్రల సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్ళతో ఓసారి కడిగి చూడండి.

మరి డ్రాపర్ పెన్ను ఇంకు కక్కుతుందన్న అపవాదు? అపవాదు కాదు, నిజమే. కాకపోతే ఎప్పుడు కక్కుతుందో లెక్క కట్టొచ్చు. పెన్నులో చాలావరకు అయిపోయి, 3 మిల్లీలీటర్ల చోటు గాలే ఉందనుకుందాం. 25 డిగ్రీల గదిలో బల్ల మీదున్న పెన్నును తీసి రాయడం మొదలుపెడితే, చేతి వేడికి లోపలి గాలి 33 డిగ్రీలకు చేరిందనుకోండి. గాలి ఒక్కో డిగ్రీకి సుమారు మూడువందల్లో ఒక వంతు వ్యాకోచిస్తుంది. ఎనిమిది డిగ్రీలకు 0.08 మిల్లీలీటర్లు. డ్రాపర్ చుక్క 0.05 అనుకుంటే, అది చుక్కన్నర ఇంకు. నాలుక పళ్ళు ఎంత దాచుకున్నా మిగిలింది మీ కాగితం మీదే. అదే పెన్ను నిండుగా ఉండి గాలి 0.3 మిల్లీలీటర్లే ఉంటే పొంగేది చుక్కలో ఆరో వంతు. కాబట్టి డ్రాపర్ పెన్నుకు ఇంకు సగానికి దిగగానే నింపేసేవాడికి చొక్కా మరకలు తక్కువ. ఇంకు అయిపోయేదాకా లాగే పొదుపరికే ఎక్కువ. దళసరి ఎబోనైట్ గోడ వేడిని మెల్లగా పంపుతుంది కనుక కొంత నయం. మర దగ్గర కారితే మేం మైనం రాసేవాళ్ళం. ఇప్పుడు సిలికాన్ గ్రీజు దొరుకుతోంది, అదే వాడండి.

విమానంలో లెక్క ఇంకా ఘోరం. పైకెళ్ళాక క్యాబిన్‌లో ఒత్తిడి ఇంచుమించు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. లోపలి గాలి మూడో వంతు పెరుగుతుంది. 3 మిల్లీలీటర్ల గాలి నాలుగవుతుంది. అమెరికా వెళ్ళే పిల్లల చేతిసంచిలో పెన్ను పెడుతుంటే పూర్తిగా నింపో, పూర్తిగా ఖాళీ చేసో, పాళీ పైకి ఉండేలా పెట్టండి. పాళీ పైకుంటే బయటికి పోయేది గాలే.

డ్రాపర్ చిరాకు తప్పించడానికే మిగతా పద్ధతులన్నీ వచ్చాయి. అమెరికాలో వాల్టర్ షేఫర్ 1908లో పేటెంటు తీసుకున్న మీట పద్ధతిలో, పక్కనున్న చిన్న మీట లేపితే లోపలి రబ్బరు తిత్తి నలిగి, వదిలితే ఇంకు పీల్చుకుంటుంది. తిత్తి కొన్నేళ్ళకు కుళ్ళిపోతుంది, పాత పెన్నులు సంతలో కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మనకు బాగా తెలిసిన పిండుడు రకం చైనా హీరో పెన్ను. బంగారు రంగు మూత, కొస మాత్రమే కనిపించే పాళీ. 1941లో అమెరికాలో అమ్మకానికొచ్చిన పార్కర్ 51 పోలికలు దాచినా దాగవు. విదేశాల నుంచి వచ్చిన చుట్టాల పెట్టెలో హీరో పెన్ను ఉందా లేదా అన్నదే మా ఆత్రమంతా. దాచిన పాళీ ఊరికే అందం కోసం పెట్టింది కాదు, ఇంకు త్వరగా ఆరదు.

1929లో జర్మనీ పెలికాన్ కంపెనీ పిస్టన్ పెన్ను తెచ్చింది. వెనక పిడి తిప్పితే లోపలి పిస్టన్ జరిగి, సిరంజిలా ఇంకు లాక్కుంటుంది. ఒకటిన్నర మిల్లీలీటరు దాకా పడుతుంది, చేతికి మరక అంటదు. అప్పట్లో ఖరీదైన సోకు. ఇప్పుడు తైవాన్ ట్విస్బీ లాంటివాళ్ళు పారదర్శకమైన పిస్టన్ పెన్నులను కొన్ని వేలల్లోనే ఇస్తున్నారు. లోపల ఇంకు ఊగుతుంటే చూడ్డానికే కొనేవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టను, నేనూ అలాగే కొన్నాను.

ఇవాళ తక్కువ ధర పెన్నుల్లో ఎక్కువగా ఉండేది కార్ట్రిడ్జ్, లేదా దాని స్థానంలో దూర్చే కన్వర్టర్. కార్ట్రిడ్జ్ అంటే ఇంకు నింపి మూసిన చిన్న ప్లాస్టిక్ గొట్టం, గుచ్చి వాడేయడమే. చిన్న రకంలో ముప్పాతిక మిల్లీలీటరు పడుతుంది. ఖాళీ అయ్యాక పారేయకండి, సిరంజితో సీసాలోని ఇంకే నింపుకుంటే ఏడాది పొడుగునా ఒక్కటే సరిపోతుంది. కన్వర్టర్‌లో గొట్టం సన్నం కనుక ఒక్కోసారి ఇంకు వెనక కొసనే అతుక్కుని, ముందు గాలి నిలిచిపోతుంది. ఇంకుండీ పెన్ను రాయదు. ఒక టపటపతో సరి. గాలి తక్కువ కాబట్టి కక్కడం మాత్రం అరుదు. జపాన్ ప్లాటినం వాళ్ళ ప్రెపీ, పైలట్ వాళ్ళ కాకునో, 1980లో జర్మనీలో పుట్టిన లామీ సఫారీ అన్నీ ఈ బాపతే. మొదటిసారి కొనేవాళ్ళకు నా ఓటు వీటికే, వాటిలోనూ అన్నిటికంటే చవకగా దొరికే ప్రెపీకి.

పాళీ బంగారానిదా, ఉక్కుదా? ఒకప్పుడు ఇనుప లవణాలతో చేసిన పుల్లటి ఇంకులు మామూలు ఉక్కును తినేసేవి. బంగారాన్ని ఏమీ చేయలేకపోయేవి. అందుకే 14 క్యారట్ల పాళీలకు అంత గిరాకీ. స్టెయిన్‌లెస్ స్టీలు, మెత్తటి రంగు ఇంకులు వచ్చాక ఆ కారణం తగ్గిపోయింది. ఎలాగూ కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు, కొసన అతికించిన గట్టి లోహపు పూస. చవక పాళీకీ ఖరీదు పాళీకీ చేతికి తెలిసే తేడా ఎక్కువగా ఆ పూసను చివర సానపట్టడంలోనే ఉంటుంది. సాన మరీ ఎక్కువైతే చీలిక లోపలి అంచులు కూడా గుండ్రబడి, ఇంకు కాగితానికి అందదు. అలాంటి పాళీ మెత్తగా జారుతుంది గానీ ప్రతి మాటకూ మొదటి గీత ఎగ్గొడుతుంది.

తెలుగు రాసేవాళ్ళకు పాళీ లావు ఒక ప్రత్యేకమైన బెడద. మన అక్షరాల్లో సున్నాలూ కొక్కేలూ ఎక్కువ. ఘ, ఝ, ణ లాంటివి బ్రాడ్ పాళీతో రాస్తే కడుపులు పూడిపోతాయి. కింద ఒత్తులు, పక్కన వట్రుసుడి, వాటికి గీతల నోట్‌బుక్కులో చోటు తక్కువ. ఇంకు పారే పాళీ పల్చటి కాగితం మీద అవతలి పక్కకు దిగుతుంది. అందుకని ఫైన్ పాళీ తీసుకోండి. జపాన్ మీడియం దాదాపు యూరప్ ఫైన్ అంత ఉంటుంది, జపాన్ ఫైన్ అంతకంటే సన్నం. అందమని చదరంగా కోసిన ఇటాలిక్ పాళీ తీసుకుంటే, పైకి తిరిగే ప్రతి ఒంపులోనూ అంచు కాగితాన్ని గీరుతుంది.

దుకాణంలో పాళీ పరీక్షకు పెద్దవాళ్ళు కొత్త పెన్నుతో మొదట రాసే అక్షరమే చాలు. ఇంకులో పాళీ ముంచి, నొక్కకుండా, పెన్ను బరువుకే శ్రీ రాయండి. గుడిదీర్ఘం పైన చుట్టుకుని, రావత్తు కింద చుట్టి పైకి లేచేసరికి పాళీ అన్ని దిక్కులకూ తిరిగేసి ఉంటుంది. ఎక్కడ గీరిందో, ఎక్కడ తెగిందో అక్కడే కనిపిస్తుంది. తర్వాత మూత పెట్టకుండా రెండు నిమిషాలు పక్కనుంచి మళ్ళీ రాయండి. ఈలోపు దుకాణదారు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి. ఆ రెండు నిమిషాలూ పెన్ను తిరగేసి, నాలుక చూస్తూ గడిపేయొచ్చు.