ఒకే గుహలో మిగిలిన గబ్బిలం

2013 ఆగస్టులో స్మిత్సోనియన్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెల్గెన్ బృందం ఒలింగిటో అనే కొత్త జంతువును ప్రకటించింది. కిలో కూడా తూగదు. ఈక్వెడార్, కొలంబియాల్లో, ఆండీస్ కొండల మీద మబ్బు కమ్మి ఉండే అడవుల్లో చెట్ల మీదే బతుకుతుంది. తమాషా ఏంటంటే దాని చర్మాలు, పుర్రెలు దశాబ్దాలుగా మ్యూజియం డ్రాయర్లలోనే ఉన్నాయి, ఒలింగో అనే దాని చుట్టం పేరు చీటీతో. బతికున్న ఒకదాన్ని అమెరికా జూలలో ఒలింగోలతో జతకట్టించాలని చూశారు. అది ఒప్పుకోలేదు. వేరే జాతి అని అప్పుడెవరికీ తట్టలేదు.

కొత్త జంతువులంటే అలాంటి తడి అడవుల్లోనే దొరుకుతాయి, ఆకాశంలో మబ్బు కనిపిస్తేనే సంబరపడే మా గోరంట్ల వైపు ఏముంటుందిలే అనుకుంటాం. కానీ మా ఊరికి దక్షిణంగా, గీత గీసినట్టు పోతే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, తెలుగు ఇంటింటా వినిపించే కోలార్ జిల్లాలో ఒక గబ్బిలం ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1994లో డీటర్ కాక్, హెచ్.ఆర్. భట్ దానికి హిప్పోసిడెరోస్ హైపోఫిల్లస్ అని పేరు పెట్టారు. మామూలుగా కోలార్ ఆకుముక్కు గబ్బిలం అంటారు.

ముక్కు మీద ఆకులాంటి మడతలుంటాయి కాబట్టి ఆ పేరు. ఈ రకం గబ్బిలాలు నోటితో కాదు, ముక్కుతో కూత పెడతాయి. ఆ మడతలు శబ్దాన్ని ఒక వైపుకి గురిపెడతాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, వాటి కూత అంతకు చాలా పైన. ఎదురుగా పురుగు రెక్కలాడిస్తే ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ మారుతుంది, దాన్నిబట్టి పట్టేస్తాయి. ఈసీఈ వాళ్ళు పరీక్షలో రాసే డాప్లర్ ఎఫెక్టే ఇది.

ఇంత నేర్పున్న జీవికి మిగిలింది హనుమనహళ్ళి దగ్గర బండల మధ్య ఒక్క గుహ. ఇదివరకు తేరహళ్ళి దగ్గర కూడా ఉండేవి, ఇప్పుడక్కడ లేవు. మొత్తం 200 లోపే. అంటే మన కాలేజీలో మూడు క్లాసుల మంది కూడా కాదు. ఐయూసీఎన్ వీటిని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. కారణం మనకు బాగా తెలిసినదే, గ్రానైట్. గుహ చుట్టూ అక్రమంగా రాయి తవ్వారు. పేలుడు అదురుకి గబ్బిలాలు తావు వదిలేస్తాయి, లేదా గుహే కూలుతుంది. ఆకుముక్కు గబ్బిలాలు మామూలుగా కాన్పుకి ఒక్క పిల్లనే కంటాయి, కాబట్టి తగ్గినవి తొందరగా పెరగవు. కర్ణాటక అటవీ శాఖ, గబ్బిలాల సంరక్షకులు కలిసి ఇప్పుడు ఆ గుహను కాపాడుతున్నారు.

ఈ గబ్బిలానికి 1994లో ఆ పేరు పెట్టకపోయి ఉంటే, ఆ కొండ రికార్డుల్లో ఇన్ని క్యూబిక్ మీటర్ల రాయి మాత్రమే. కాపాడమని అడగడానికి కూడా ఒక పేరు కావాలి.

మా వైపూ అలాంటి బండల కొండలే, వాటిలోనూ గుహలున్నాయి. మినీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్నవాళ్ళకి ఒక మాట: 20 కిలోహెర్ట్జ్ దాటి వినగల మైక్, ఒక రికార్డర్ తయారుచేయండి. చీకటి పడే వేళ గుహ బయటే పెట్టండి, లోపలికి వెళ్ళి వాటిని బెదరగొట్టొద్దు. డ్రిల్లింగ్ మిషన్ రాకముందే అక్కడ ఎవరున్నారో రాసి పెట్టుకుందాం.