కోళ్ల గూటికి వచ్చినది పులేనా?

2024 జూన్ 9వ తేదీ సాయంకాలం న్యూఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ముంగిట కేంద్ర మంత్రివర్గ ప్రమాణ స్వీకారోత్సవం జరుగుతున్నది. ఒక మంత్రి పత్రాలపై సంతకం చేస్తున్న సమయంలో, ఆయన వెనుక దూరంగా, ఒక నాలుగు కాళ్ల జంతువు నింపాదిగా నడిచిపోవడం టెలివిజన్ కెమెరాలకు చిక్కింది. కొద్ది గంటలలోనే ఆ దృశ్యం దేశమంతటా పాకిపోయింది. అది చిరుతపులి అని చాలామంది తేల్చివేశారు. మరునాడు ఢిల్లీ పోలీసులు ప్రకటన చేయవలసి వచ్చింది: అది మామూలు పెంపుడు పిల్లి, వదంతులను నమ్మవద్దు అని.

రాష్ట్రపతి భవన్‌కు కొద్ది దూరంలోనే అశోకా రోడ్ ఉన్నది. ఇండియా గేట్ దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా వైపు సాగే ఆ నేరేడుచెట్ల బాటలో 1వ నంబరు ఆవరణ ఆంధ్రా భవన్. పనిమీద ఢిల్లీ వెళ్లిన తెలుగువారు అక్కడి భోజనం రుచి చూడకుండా తిరిగి రావడం అరుదు. అటువంటి నగర హృదయంలో చిరుత తిరుగుతున్నదంటే అంతమంది ఇట్టే ఎలా నమ్మారు?

నమ్మడానికి కారణం లేకపోలేదు. ఢిల్లీ దక్షిణపు అంచున ఉన్న అసోలా భాట్టీ అభయారణ్యంలో చిరుతలు నివసిస్తున్నాయి. 2023 డిసెంబరులో సైనిక్ ఫార్మ్స్ ప్రాంతంలో ఒక చిరుత కనిపించింది. 2024 ఏప్రిల్ మొదట్లో ఉత్తర ఢిల్లీలో మరొకటి ఇళ్ల మధ్యకు వచ్చి కొందరిని గాయపరచి, చివరకు పట్టుబడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివార్లలోని దివాన్‌చెరువు పరిసరాలలో ఒక చిరుత తిరుగాడి, చీకటి పడితే జనం గడప దాటడానికి భయపడేటట్లు చేసింది. నిజమైన చిరుత ఒక్కటి వస్తే, ఆ తరువాత పది పిల్లులు చిరుతలుగా కనిపిస్తాయి.

ఆనాడు రాజధానిలో టెలివిజన్ తెరమీద జరిగినది, పెరటిలో కోళ్లు పెంచుకునే ఇళ్లలో ఎన్నో రాత్రులు జరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రి గూటిలో కోళ్లు ఒక్కసారిగా గగ్గోలు పెడతాయి. ఇంటి యజమాని దీపం పట్టుకొని వెళ్లేసరికి నిశ్శబ్దం. తెల్లవారి చూస్తే గూటి తలుపు వంగిపోయి, ఈకలు చెల్లాచెదురై, నాలుగైదు కోళ్లు చచ్చిపడి ఉంటాయి. మధ్యాహ్నానికల్లా ఊరిలో పులి వచ్చిందన్న వార్త పుడుతుంది. సాయంత్రానికి కర్రలు బయటికి వస్తాయి.

నిజానికి వచ్చిన దొంగ తన చిరునామా వదిలే వెళుతుంది. చదువుకోగలిగిన ఓర్పు కావాలి. పట్టపగలు ఒక కోడిపిల్ల ఏ ఆనవాలూ లేకుండా మాయమైతే ముందుగా ఆకాశం వైపు చూడాలి. అది గద్ద పని కావచ్చు. ఢిల్లీ నడిబొడ్డున కూడా గద్దలకు కొదవలేదు. పగటిపూటే గుడ్లు పగిలి, పిల్లలు మెడ దగ్గర కాటుతో పడి ఉంటే ముంగిసను అనుమానించాలి. ముంగిస పగలు తిరిగే జంతువు. పెంకు ముక్క కూడా మిగలకుండా గుడ్లు పోయాయంటే వాటిని పాము మింగి ఉండవచ్చు. ఎలుకలు దొర్లించుకుపోయి ఉండవచ్చు. రాత్రివేళ ఒక పెట్ట పోయి, కంచె వెంట ఈకల దారి కనిపిస్తే బావురుపిల్లినో, మానుపిల్లినో, నక్కనో తలచుకోవాలి. అనేక కోళ్లు చచ్చి, తినకుండా వదిలివేసి ఉంటే చాలాసార్లు దోషి వీధికుక్కే.

తడినేల మీది అడుగుజాడ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి గనుక వాటి జాడలో గోటిగుర్తు సాధారణంగా పడదు. కుక్క, నక్కల జాడలలో గోళ్లు కనిపిస్తాయి. ఇంటిపిల్లి పాదం వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు. ఎదిగిన చిరుతది 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. జాడ పక్కన ఒక అగ్గిపెట్టె ఉంచి ఫోటో తీస్తే, అటవీశాఖవారికి దానికన్నా మించిన వాఙ్మూలం అక్కరలేదు.

మరి ఒక్కదాన్నైనా తినకుండా అన్ని కోళ్లను చంపడం క్రూరత్వం కాదా? హాన్స్ క్రూక్ అనే డచ్చి జంతుశాస్త్రజ్ఞుడు 1972లో ఈ ప్రశ్నను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఇంగ్లండు తీరాన కటిక చీకటి రాత్రులలో నక్కలు గూళ్లలోని సముద్రపక్షులను తమ ఆకలికి మించి చంపడం ఆయన గమనించాడు. ఆఫ్రికాలోని సెరెంగెటీలో 1966 నవంబరులో ఒక రాత్రి 19 హైనాలు 82 జింకలను చంపాయి. అందులో తిన్నది కొద్ది భాగమే. సాధారణంగా ఒక ఎరను పట్టేసరికి మిగిలినవి పారిపోతాయి. వేట అక్కడితో ఆగిపోతుంది. ఎర పారిపోలేనప్పుడు మాత్రం వేటాడే ప్రేరణ ఆగదు. చీకటిలో కోడికి చూపు ఆనదు. మూసిన గూటిలో పరుగెత్తడానికి చోటు లేదు. కనుక మనం రక్షణ కోసం కట్టిన గూడు, సరిగా మూసి ఉండకపోతే, దానికి ఉరి అవుతుంది.

కోడి తానుగా చేసే హెచ్చరికను మనం వినడం నేర్చుకోలేదు. క్రిస్టఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్ మొదలైన పరిశోధకులు 1993లో ప్రకటించిన ప్రయోగాలు ఈ విషయంలో ఆశ్చర్యం గొలుపుతాయి. తలపైన ఎగిరే డేగ బొమ్మ చూపినప్పుడు పుంజు ఒక రకంగా కూసింది. నేలమీద వచ్చే జంతువును చూపినప్పుడు మరొక రకంగా అరిచింది. పిదప ఆ కూతలను మాత్రమే వినిపించగా, మొదటిదానికి పెట్టలు నక్కి, ఆకాశం వైపు చూశాయి; రెండవదానికి నిటారుగా నిలిచి చుట్టూ పరికించాయి. అపాయం పైనుండి వస్తున్నదో, నేలమీద వస్తున్నదో కోడి తన తోటి కోళ్లకు చెప్పగలదు. పెరటికోళ్లను శ్రద్ధగా వినే గృహిణికి ఆ భేదం కొన్నాళ్లలో పట్టుబడుతుంది.

ఈ తెలివిడి ఎందుకంటే, పొరపాటు గుర్తింపుకు మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది. 2016 నవంబరులో ఢిల్లీ సమీపాన, గురుగ్రామ్ జిల్లాలోని మండావర్ గ్రామంలోకి ఒక చిరుత వచ్చింది. జనం గుమిగూడారు. బెదిరిన చిరుత అనేకులను గాయపరచింది. చివరకు జనం దానిని కర్రలతో కొట్టి చంపారు. ఇంచుమించు అదే రోజులలో ఢిల్లీలోని యమునా జీవవైవిధ్య ఉద్యానంలో మరొక చిరుత తిరుగుతున్నది. అది ఎవరికీ హాని చేయలేదు. డిసెంబరులో దానిని బోనులో పట్టి శివాలిక్ అడవులకు తరలించారు. రెండూ చిరుతలే. ఒకదాని చుట్టూ గుంపు చేరింది. రెండవదాని చుట్టూ చేరలేదు. గుంపు చేరిన చోట మనుషులూ గాయపడ్డారు, మృగమూ చచ్చింది.

పులి అన్న కేక విన్న గుంపు చేతిలో చచ్చేది చిరుతే కానక్కరలేదు. బావురుపిల్లి, మానుపిల్లి, ముంగిస, నక్క ఎలుకలను తిని రైతుకు మేలు చేసేవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటన్నిటికీ రక్షణ కల్పించింది. ఒక కోడిని పోగొట్టుకున్న కోపంలో విషపు ఎర పెడితే, దానిని మొదట తినేది పక్కింటి కుక్కో, ఎరుగని పసివాడో కావచ్చు.

చేయవలసినది చాలా సులభం. పొద్దు గూకకముందే కోళ్లను లెక్కపెట్టి గూటిలో మూయాలి. గంప కింద కమ్మేవారు దానిమీద బరువైన రాయి ఉంచాలి. గూటికి వేలు దూరని గట్టి ఇనుపవల బిగించి, దాని అంచును ఒక అడుగు లోతున భూమిలో పాతాలి. తలుపుకు తాడు చాలదు, గడియ కావాలి. పగటిపూట గద్దల నుండి కాపాడడానికి పిల్లలు దూరేటట్లు పొదనో, పాత గంపనో నీడగా ఉంచాలి. మాంసపు వ్యర్థాలను పెరటిలో పారవేయరాదు. వాటికోసం కుక్కలు వస్తాయి, కుక్కలకోసం చిరుత వస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోళ్లు రంగురంగుల ఈకలతో, పొడవైన కాళ్లతో శత్రువును తప్పించుకోవడానికి అనువైనవే. అయినా రాత్రిపూట వాటికీ గడియే దిక్కు.

పెద్ద జాడలే కనిపిస్తే పిల్లలను ఇంటిలో ఉంచి, వెంటనే అటవీశాఖకు కబురు చేయాలి. గుంపు కూడరాదు, వెంటాడరాదు. తప్పించుకునే దారి ఉన్న చిరుత సాధారణంగా ఆ దారినే పోతుంది. మిగిలిన రాత్రులలో, గూటిలో కలకలం రేగినప్పుడు, కర్రకన్నా ముందు దీపం తీసుకొని వెళ్లడం మేలు. ఆ వెలుగులో రెండు కళ్లు మెరిస్తే, అవి నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో చూసుకున్న తరువాతనే ఊరికి కబురు పంపాలి.